జేబు ఉన్న జెండా

వారం పది రోజుల్లో వచ్చేస్తానని చెప్పి వెళ్ళిన మనిషి నెలలు గడిచినా రాకపోతే ఎవరికైనా బెంగ పుడుతుంది. నాకు బెంగ పుట్టలేదు, కడుపుమంట పుట్టింది. రెండింటికీ తేడా నాకు బాగా తెలుసు. బెంగ పుట్టినవాళ్ళు ఫోను చేసి కనుక్కుంటారు. కడుపుమంట పుట్టినవాళ్ళు బస్సెక్కుతారు.

ఆ వెళ్ళిన మనిషి మా కత్తెరమ్మ. ఆవిడా నేనూ కలిసి ఇరవయ్యేళ్ళకు పైగా ఒకే బట్టల కుట్టు దుకాణం నడిపాం. ఆవిడ కత్తిరించేది, నేను కుట్టేదాన్ని. బజారంతా ఆవిడని కత్తెరమ్మ అనీ, నన్ను సూదమ్మ అనీ పిలిచేది. మేమిద్దరం మాత్రం ఒకరినొకరు వదినా అనుకునేవాళ్ళం. చుట్టరికం ఏమీ లేదు. మొదట ఎవరు అన్నారో గుర్తు లేదు గానీ పిలుపు అలా అతుక్కుపోయింది. "నాతో చేసిన కాపురం కంటే ఆవిడతో చేసిందే ఎక్కువ" అని మా ఆయన దెప్పేవాడు. నేను కాదనేదాన్ని కాదు.

కత్తెరమ్మ మాటలు తక్కువ మనిషి. వచ్చినవాళ్ళు గుమ్మం దాటి బల్ల మీద కూర్చునే లోపలే చూపుతో కొలతలు తీసేసుకునేది. టేపు పట్టుకునేది వాళ్ళ తృప్తి కోసం. ఎవరైనా గిట్టని మాటంటే తిరిగి ఏమీ అనేది కాదు. కత్తెరని ఖాళీ గాల్లో రెండుసార్లు టకటకలాడించేది. అవతలివాళ్ళు గొంతు తగ్గించేవాళ్ళు. పెళ్ళయిన కొత్తల్లోనే భర్త పోతే అన్నగారి ఇంటికి చేరి, ఆ ఇంటి పిల్లల పాత లాగులు విప్పి కొత్తవి కత్తిరిస్తూ ఈ పని నేర్చుకుంది. అక్కడ అన్న భార్యతో కుదరక బయటికొచ్చేసింది. "సొంత వదినతో పొసగలేదు గానీ, బజార్లో దొరికిన వదినతో పొసిగింది" అని ఒక్కసారి అంది. దుకాణం వెనక గదిలోనే ఉండేది. ఆదివారం పూట మా ఇంట్లో భోజనం.

దుకాణం తెరిచిన రోజున ఇద్దరికీ రెండు పొడుగు కోట్లు కుట్టుకున్నాం. నారింజ రంగు మీద నల్ల గళ్ళు. ఎవరూ కొనక ఏళ్ళ తరబడి బట్టల కొట్టు అటక మీద పడున్న తాను అది. చూసినవాళ్ళు ముఖం తిప్పుకునేంత రంగు. ఎండకీ వెలవదు, ఉతుక్కీ వెలవదు. కోట్లు ఆవిడ కత్తిరించింది, నేను కుట్టాను. కత్తెర బరువుకి జేబు ఊడిపోతుందని ఆవిడ కోటు జేబుకి మూడు వరసల కుట్టు వేశాను. ఆ కోట్లు చూసే జనం మా దుకాణం గుర్తుపట్టేవాళ్ళు.

అన్నేళ్ళ నుంచి పీల్చిన నూలు దుమ్ము చివరికి ఆవిడ ఛాతీలో చేరింది. ఒకటే దగ్గు. కొన్నాళ్ళు సముద్రపు గాలికి వెళ్ళమన్నాడు డాక్టరు. మా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ, తన చెల్లెలిది చేపలు పట్టేవాళ్ళ ఊరనీ, ఆమె షెడ్డు మీద ఒక గది ఖాళీగా ఉందనీ చెప్పింది. సంచి సర్దింది నేనే, బస్సెక్కించింది నేనే. అందుకే ఇంకా మంట.

ఈలోగా బడులు తెరిచే రోజులొచ్చాయి. యూనిఫారం గుడ్డలు గుట్టలుగా పడ్డాయి. దిక్కులేక ఒక కటింగ్ మాస్టర్ని పెట్టుకున్నాను. మీసాలకి నూనె రాసుకుని వచ్చేవాడు. వాడు కత్తిరించిన చొక్కాల్లో కొన్నిటికి రెండూ ఎడమ చేతులే. అదేమిటయ్యా అంటే గుడ్డ తిప్పి కుట్టుకోండన్నాడు. ఆ సాయంత్రమే వాణ్ణి పంపించేశాను. కత్తిరించని గుడ్డంతా పెద్ద సంచిలో కుక్కాను. కత్తెరమ్మ ముందు గుడ్డ పడేస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు. చెయ్యి కదిలితే మనిషి కదులుతుంది. మనిషి కదిలితే తిరుగు బస్సులో ఇద్దరం ఉంటాం. ఇదీ నా ఎత్తు. ఆవిడకి సిగ్గు రావాలని నా గళ్ళ కోటు కూడా వేసుకుని బయల్దేరాను.

రోడ్డు అయిపోయిన చోట బస్సు ఆగిపోయింది. ఆ పైన ఇసుక, ఇసుక అవతల సముద్రం. ఇంత ఎండలోనూ వీధులు తడిగానే ఉన్నాయి. చేపల బుట్టల్లోంచి నీళ్ళు కారి గుమ్మాల ముందు చిన్న కాలవలు కట్టాయి. ఉప్పుగాలికి తలుపుల రంగు పొక్కులెత్తింది. గోడకి కొట్టిన ప్రతి మేకు కిందా తుప్పు చార ఒకటి. దండేల మీద బట్టలకి ఒక పక్క, ఎండు చేపలకి ఒక పక్క చోటు. అవన్నీ చూసి నాకు మంచి మాట ఒక్కటీ తోచలేదు. ఈ వాసన కోసమా నన్ను వదిలేసింది అనుకున్నాను.

ఇంకో సంగతి. దారిన పోయేవాళ్ళంతా నా కోటు వంక చూసి నవ్వుకుంటున్నారు. బస్సులో ఏదైనా మరక అంటిందేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నాను. ఏమీ లేదు.

అరుగు మీద వల బాగుచేస్తున్న ఆయన్ని అడిగాను.

"కత్తెరమ్మగారి ఇల్లెక్కడండీ?"

"కత్తెరమ్మా? ఆ పేరుగలవాళ్ళు ఈ ఊళ్ళో లేరే."

"బట్టలు కత్తిరించే ఆవిడండీ. పొరుగూరి నుంచి వచ్చింది. ఎప్పుడూ దగ్గుతుంటుంది."

"దగ్గేవాళ్ళూ ఎవరూ లేరు. ఉండండుండండి, జెండాలమ్మ కోసమా? అదిగో, ఐసు షెడ్డు మీద గది." మళ్ళీ నా కోటు చూశాడు. "ఈ గుడ్డ ఎక్కడో చూశానే!"

జెండాలమ్మ! ఇన్నేళ్ళు కత్తెరమ్మగా బతికిన మనిషికి వీళ్ళు ఇంకో పేరు పెట్టేశారు. ఆ పేరుకి ఆవిడ పలుకుతోంది కూడాను. ఒళ్ళు భగ్గుమంది.

ఐసు షెడ్డు పక్కనుంచి ఇరుకు మెట్లు. కింద ఎవరో ఐసు దిమ్మల్ని సుత్తితో పగలగొడుతున్నారు. ఒక్కో దెబ్బకి మెట్లు అదురుతున్నాయి. సగం ఎక్కేసరికి పైనుంచి కుట్టు మిషను చప్పుడు వినిపించింది. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. కత్తెరమ్మ మిషను ఎక్కడమా! మా దుకాణంలో ఏనాడూ గుండీ కూడా కుట్టలేదు. కుట్టు నాది. కత్తిరింపు ఆవిడది. అదే కదా మా ఇద్దరి మధ్యా ఉన్నది!

గుమ్మంలో నిలబడ్డాను. కిటికీ పక్కన మిషను, గోడకి ఆనించిన వెదురు కర్రలు, నేలంతా రంగురంగుల పాత గుడ్డముక్కలు. ఆవిడ తలెత్తింది.

"వచ్చావా వదినా?" పక్కవీధి నుంచి వచ్చానన్నట్టు అడిగింది.

మనిషి ఒళ్ళు చేసింది. నల్లబడింది. మాట మధ్యలో దగ్గు లేదు. ఆవిడ బాగుపడితే నేను సంతోషించాలి. సంతోషించలేదు. నా దగ్గర ఉన్నప్పుడు ఎండిపోయిన మనిషి ఇక్కడికొచ్చి నిగనిగలాడుతుంటే నాకు ఏడుపొచ్చింది. మిషను మీదున్న గుడ్డ తీసి కుట్టు చూశాను. వంకరటింకరగా ఉంది. అప్పుడు కాస్త ప్రాణం కుదుటపడింది.

అంతలో మెట్లు దడదడలాడించుకుంటూ ఒకావిడ పైకొచ్చింది. భుజం మీద తడిగోనె, మోచేతుల దాకా ఐసు పొడి, గది నిండా సరిపోయే మనిషి. "వదినా, టీ పెట్టమంటావా?" అంది. నేనే వదిననేమో అని నోరు తెరవబోయాను. ఆవిడ చూస్తున్నది కత్తెరమ్మ వైపు.

ఆవిడే ఐసక్క, మా జాకెట్లావిడ చెల్లెలు. కింద షెడ్డు ఆవిడదే. పడవలకి ఐసు కొట్టి ఇవ్వడం ఆవిడ పని. మొగుడికి ఒక పడవ ఉంది. ఊరివాళ్ళందరికీ అక్క, నా వదినకి వదిన. పిలుపులు ఇన్నున్నాయే, పిన్ని అనొచ్చు, అక్క అనొచ్చు, పేరుపెట్టి పిలిస్తే ఎవరొద్దన్నారు? ఆ ఒక్క మాటే దొరికిందా?

"మీరేగా సూదమ్మగారు? రోజూ మీ మాటే. ఈవిడకి మీరు వదిన, నాకు ఈవిడ వదిన. వదినకి వదిన అంటే నాకు సొంత అక్కయినట్టే లెక్క." పకపకా నవ్వింది. "అక్కా, మీకు చక్కెర ఎక్కువా తక్కువా?"

"నేను టీ తాగను" అన్నాను. రోజుకి నాలుగుసార్లు తాగుతాను. కత్తెరమ్మ నా వంక ఒక చూపు చూసి ఊరుకుంది.

జెండాల సంగతి ఐసక్కే చెప్పింది. కత్తెరమ్మ ఎలాగూ చెప్పదు. ఆ ఊళ్ళో సాయంత్రం పడవలు వెళ్ళి సముద్రంలో వలలు వేస్తాయి. వల కొసన నీళ్ళ మీద తేలే బెండుకి ఒక వెదురు కర్ర, కర్రకి ఒక గుడ్డ. తెల్లారి ఎవరి గుడ్డ చూసుకుని వాళ్ళు వల తీసుకోవాలి. ఇంట్లో చిరిగిన గుడ్డ ఏదుంటే అది కట్టేవాళ్ళు. రెండు వారాలు ఎండ తగిలితే అన్నీ ఒకే రంగు. ఒకరి వల ఇంకొకరు లాగెయ్యడం, ఒడ్డున జుట్లు పట్టుకోవడం. కత్తెరమ్మ వచ్చిన కొత్తల్లో ఈ గొడవ కిటికీలోంచి చూసింది. రంగు పోయినా ఆకారం పోదుగా అంది. ఒక పడవ జెండాకి చేపతోక అంచు, ఒకదానికి రంపప్పళ్ళు, ఒకదానికి నెలవంక. ఎప్పుడూ పోట్లాడే ఒకాయనకి మాత్రం పిల్లల లాగు ఆకారంలో కత్తిరించి ఇచ్చింది. ఇప్పుడు ఊరంతా పాత బట్టలు తెచ్చి ఆవిడ గుమ్మంలో పడేస్తోంది. వింటున్నకొద్దీ నా మూతి ముడుచుకుపోయింది.

మర్నాడు పొద్దున ఇద్దరూ నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళారు. పడవలు తిరిగొచ్చేటప్పుడు జెండా కర్రల్ని ముందు భాగంలో నిలబెట్టి తెస్తారు. ఆడవాళ్ళంతా బుట్టలు పట్టుకుని, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. అందరికంటే ముందు రంపప్పళ్ళ జెండా కనబడింది. ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

"ఆయన్ని తొందరాయన అంటాం" అంది ఐసక్క. "చేపలు పడనీ పడకపోనీ, ఏ రోజైనా ఒడ్డుకి మొదట చేరాల్సింది ఆయనే. వలలో సగం లాగకుండానే వచ్చేస్తాడేమోనని మా అనుమానం."

తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. చేపతోక, నెలవంక, లాగు. వాటి వెనక ఇంకోటి. నారింజ రంగు, నల్ల గళ్ళు. గాలికి అడ్డంగా తన్నుకుంటోంది. దాని మధ్యలో ఏదో సంచిలాగా ఉబ్బి కనబడింది. "అది మా ఆయన పడవ" అంది ఐసక్క. పడవ దగ్గరికొచ్చాక తెలిసింది. జేబు.

చుట్టూ ఉన్నవాళ్ళు జెండానీ నా కోటునీ మార్చి మార్చి చూసి మళ్ళీ నవ్వారు. నిన్నటి నవ్వులకి అప్పుడు అర్థం తెలిసింది.

"అది నీ కోటేనా?" అని అడిగాను.

"ఊఁ."

"కోసేశావా?"

"వెలవని రంగు కావాల్సొచ్చింది. ఆ తాను వెలవదని నీకు తెలుసుగా వదినా."

"ఊళ్ళో ఇంకో గుడ్డే లేదా?"

ఆవిడ బుట్టలు పట్టుకున్న ఆడవాళ్ళ వైపు గడ్డం ఎత్తి చూపించింది. "ఇక్కడ పొద్దున్నే ఎవరి పడవ కోసం వాళ్ళు చూస్తారు. నేనొక్కదాన్నే ఊరికే నిలబడేదాన్ని. నాకూ ఒకటి ఉండాలనిపించింది. ఇంత దూరం నుంచి నేను ఆనవాలు పట్టగలిగింది అదొక్కటే."

"ఉంటే? ఉంటే దాన్ని తీసుకెళ్ళి ఈవిడ మొగుడి పడవకి కడతావా? మన దుకాణం కోటు! నేను నాది ఇప్పటికీ ఒంటి మీద వేసుకుని తిరుగుతున్నాను, చూడు! నాకన్నా ఈవిడ ఎక్కువైపోయిందా నీకు?"

ఒడ్డంతా వింటోందని తెలుసు. విననీ అనుకున్నాను. ఐసక్క మొహం ఎర్రబడింది. బుట్ట తీసుకుని పడవ దగ్గరికి వెళ్ళిపోయింది. కత్తెరమ్మ చేతిలో కత్తెర లేదు గానీ వేళ్ళు మాత్రం కదిలాయి.

మధ్యాహ్నం నా చివరి ఎత్తు వేశాను. సంచి తెచ్చి గది మధ్యలో కుమ్మరించాను. అనుకున్నట్టే అయింది. గుడ్డ చూడగానే ఆవిడ కళ్ళు మారిపోయాయి. అంచు పట్టుకుని నలిపి చూసింది. అడుగున రెండు ఎడమ చేతుల చొక్కా దొరికితే చాలా రోజుల తర్వాత పడీపడీ నవ్వింది. సుద్దముక్క తీసింది. నేను గుడ్డ రెండో కొస పట్టుకోవడానికి వంగాను. అన్నేళ్ళూ ఆ కొస పట్టుకున్నది నేనే. అప్పటికే ఐసక్క పట్టుకుని ఉంది. పొద్దుటి మాటలు మనసులో పెట్టుకోలేదో, లేక పెట్టుకునే పట్టుకుందో. నేను ఉత్త చేతులతో నిలబడ్డాను.

నాలుగు మడతలు కత్తిరించేసరికి నూలు లేచింది. కత్తెరమ్మకి దగ్గు తెర ఒకటి వచ్చింది. నేను మంచినీళ్ళ కోసం వెతుకుతున్నాను. ఐసక్క ఒక్క మాట లేకుండా గుడ్డంతా చాపతో సహా వరండాలోకి లాగేసింది. సముద్రం గాలి నేరుగా కొడుతోందక్కడ. రెండు నిమిషాల్లో దగ్గు ఆగిపోయింది. మళ్ళీ కత్తెర నడిచింది. నీళ్ళ గ్లాసు పట్టుకుని నేను గుమ్మంలోనే ఉండిపోయాను.

పొద్దు వాలేసరికి గుడ్డంతా ముక్కలైంది. చేతులు, కాలర్లు, వీపులు, దేనికి దానికి కట్టలు కట్టి సుద్దతో గుర్తులు పెట్టింది. సంచి నా వైపు జరిపింది.

"ఇదిగో, కుట్టుకో. అయిపోతే మళ్ళీ గుడ్డ బస్సులో పంపు. కత్తిరించి పంపుతాను."

"నువ్వు రావా?"

కత్తెర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "అక్కడ రాత్రిళ్ళు గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని వదినా, పడుకుంటే ఊపిరాడక. నీకు చెప్పలేదు. ఇక్కడ పడుకుంటున్నాను. నన్ను రమ్మనకు. నువ్వు రమ్మంటే వచ్చేస్తాను. అందుకని అడక్కు."

ఇంతకంటే పెద్ద మాట ఆ మనిషి నాతో ఎప్పుడూ అనలేదు. రమ్మను, రమ్మను అని నా లోపల ఒకటే గోల. ఒక్క మాట చాలు, రేపు పొద్దున బస్సులో నా పక్క సీట్లో ఉంటుంది. ఐసక్క మొహం మాడిపోతుంది. అది తలుచుకుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తెల్లారి బస్సు దగ్గరికి సంచి ఐసక్కే మోసింది. నేను వద్దన్నా వినలేదు. కత్తెరమ్మ ముందు నడుస్తోంది. ఐసక్క నా పక్కకి వచ్చి గొంతు తగ్గించింది.

"అక్కా, తీసుకెళ్ళిపోతారేమోనని నిన్నంతా నాకు ముద్ద దిగలేదు. ఒక్క మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ జేబుందే, అది గాలి నింపుకుని కర్ర వంచేస్తోంది. రెండు కర్రలు విరిగాయి. విప్పెయ్యమని మా ఆయన మొత్తుకున్నాడు. నేనూ చెవినిల్లు కట్టుకుని పోరాను. వదిన వింటేనా! మా మొహాల మీద కత్తెర ఆడించింది."

"మూడు వరసల కుట్టు. విప్పడం కష్టం" అన్నాను.

"కష్టమేం కాదు, బ్లేడుతో నేను విప్పుతానన్నాను. ఆ కుట్టు మా వదినది, ముట్టుకుంటే ఊరుకోను అంది. వదిన అంటే నేనేగా అన్నాను. నువ్వు కాదు అంది."

నేను నా కోటు జేబులో చెయ్యి పెట్టుకుని నడిచాను. ఐసక్క మీద అప్పుడు జాలేసింది, కాస్తే.

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కత్తెరమ్మ కింద నిలబడి నా వంకే చూస్తోంది. నేను ఆ ఒక్క మాటా అంటానేమో అని చూస్తోంది. డ్రైవరు ఎక్కాడు. నేను కోటు విప్పి కిటికీలోంచి ఆవిడ చేతుల్లో పడేశాను.

"దీన్నీ కోసెయ్. జెండా చెయ్యి. జేబు మాత్రం విప్పకు."

ఆవిడ ఆ కోటుని ఛాతీకి అదుముకుంది. "సరే వదినా. రెండూ పక్కపక్కన కట్టిస్తాను."

"వద్దు. ఐసక్క పడవకి కట్టావంటే నామీద ఒట్టే. ఆ తొందరాయన పడవకి కట్టు."

"ఆయనకి జెండా ఉందిగా. ఆయనకెందుకు?"

బస్సు కదిలింది. తల బయటికి పెట్టి, ఐసక్కకి కూడా వినబడేట్టు అరిచాను.

"ఆయన అందరికంటే ముందొస్తాడు! పొద్దున్నే నీకు ముందు నాది కనబడాలి!"